మాలా-ఎన్ గోళీలా, అంతర సూదా?

వరంగల్ చుట్టుపక్కల పల్లెల్లో కాన్పుకూ కాన్పుకూ ఎడం కావాలనుకునేవాళ్లు ఆశా అక్కను అడిగే ప్రశ్న ఇది. రెండూ గర్భం రాకుండా ఆపే స్టెరాయిడ్ హార్మోన్లే, సర్కారు దవాఖానలో రెండూ ఉచితమే.

స్టెరాయిడ్ అన్న పేరు వినగానే భయపడేవాళ్లకు ఒక మాట. 1960లో అమెరికా అనుమతించిన మొదటి గర్భనిరోధక గోళీలో ప్రొజెస్టిన్ (గర్భాన్ని ఆపే హార్మోన్) దాదాపు 10 మిల్లీగ్రాములు. మాలా-ఎన్‌లో 0.15 మాత్రమే, రకం వేరే అనుకోండి.

శ్రమ: గోళీ రోజూ వేసుకోవాలి. షీటులో 21 హార్మోన్‌వి, 7 ఐరన్‌వి. పత్తి ఏరే రోజుల్లో మరిచిపోవడం మామూలే. సూది మూడు నెలలకోసారి. వేసిన చోట రుద్దొద్దు, కాపడం పెట్టొద్దు, మందు త్వరగా కరిగిపోతుంది.

రిస్క్: బీపీ, రక్తం గడ్డకట్టే జబ్బు ఉంటే గోళీ వద్దు. సూదితో నెలసరి క్రమం తప్పుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. ఇంట్లో టెన్షన్ అక్కడే మొదలవుతుంది గానీ, ఆగినంత మాత్రాన ప్రమాదం లేదు. రక్తం ఎక్కువగా పోతుంటే మాత్రం డాక్టరమ్మకు చూపించాలి.

మానేశాక: గోళీ ఆపితే త్వరగానే గర్భం నిలవొచ్చు. సూదికి చివరి డోసు నుంచి 7–10 నెలలు పట్టొచ్చు.

తొందర్లోనే ఇంకో బిడ్డ కావాలంటే గోళీ. చనుపాలిచ్చే తల్లికి ఆరు వారాలు దాటాక సూది, గోళీకైతే ఆరు నెలలు ఆగాలి. అత్తకు తెలియకూడదనుకున్నా సూదే నయం, తేదీ రాసిన కార్డొక్కటి దాచుకుంటే చాలు.