గోడాక్స్ టీటీ600: ఫ్లాష్ కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఎలా ఉంటుంది?

ముందే చెప్పేస్తున్నా, ఇందులో టీటీఎల్ లేదు. అంటే ఎంత వెలుతురు కొట్టాలో కెమెరా చూసుకోదు, మనమే డయల్ తిప్పి 1/1 (ఫుల్ పవర్) నుంచి 1/128 దాకా ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలి. చాలామంది ఇదే పెద్ద లోటంటారు గానీ నేర్చుకునేవాళ్లకి ఇదే ప్లస్ అని నా అభిప్రాయం. టీటీఎల్‌లో తెల్లచొక్కా ఆయన ఫ్రేములోకొస్తే ఒకలా, నల్లచీర ఆవిడొస్తే ఇంకోలా పవర్ మారిపోయి ఎందుకు మారిందో కొత్తవాళ్లకి అంతుపట్టదు. ఇక్కడ మనం మారిస్తేనే మారుద్ది.

నాది నికాన్ డీ5600. రాత్రిపూట మా హాల్లో ఐఎస్‌ఓ 800, ఎఫ్/4, షట్టర్ 1/125, ఫ్లాష్ తల స్లాబ్ వైపు తిప్పి 1/8 పవర్‌లో కొడితే మొహం మీద వెలుతురు మెత్తగా పడుద్ది, వెనక గోడ మీద ఆ నల్లటి నీడ కూడా ఉండదు. పవర్ ఎంత తగ్గించినా సరే, నేరుగా మొహానికి కొట్టారంటే నుదురు జిడ్డోడుతూ ఆధార్ కార్డు ఫొటోనే. ఇంక మనిషిని అక్కడే కూర్చోబెట్టి షట్టర్ ఒక్కటే 1/30కి దించి చూడండి, మొహం దాదాపు అలాగే ఉంటుంది, వెనక దేవుడి గూట్లో బల్బు వెలుతురు మాత్రం బాగా పెరుగుద్ది, ఎందుకంటే ఫ్లాష్ రెప్పపాటులో వెలిగి ఆరిపోద్ది, షట్టర్ ఎంతసేపు తెరిచినా దానికి పనిలేదు, గది లైటుకే పని. ఎన్ని వీడియోలు చూసినా ఎక్కనిది ఈ రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టుకుంటే ఎక్కేస్తది. షట్టర్ 1/200 కంటే వేగంగా పెడితే మాత్రం ఫొటోలో ఒక అంచున నల్లపట్టీ వచ్చేస్తది.

లేతాకుపచ్చ గోడలున్న ఇంట్లో గోడకేసి కొట్టకండి, మొహాలు పచ్చబడతాయి. ఫంక్షన్ హాల్లో సీలింగ్ మరీ ఎత్తు, బౌన్స్ (పైకి కొడితే తిరిగొచ్చి పడే వెలుతురు) మీద ఆశ పెట్టుకోవద్దు. నాలుగు ఏఏ సెల్స్ కావాలి, రీచార్జబుల్‌వే కొనండి.

పెళ్లిళ్లు తీయడానికైతే ఇది వద్దంటాను. ఐదడుగుల్లో ఉన్న మనిషి పదడుగులకెళ్తే నాలుగు రెట్లు పవర్ కావాలి, 1/16 కాస్తా 1/4 అవ్వాలి, తలంబ్రాల హడావుడిలో డయల్ ఎవరు తిప్పుతారండీ బాబూ, టీటీఎల్ ఉన్న టీటీ685 సిరీస్ చూసుకోండి.

క్యానన్ 200డీ మార్క్ 2, 3000డీ వాళ్లు ఒక్కసారి ఆగండి. మీ కెమెరా పైన ఫ్లాష్ తగిలించే షూలో మధ్య పిన్ను ఉండదు, కెమెరా మీద పెట్టినప్పుడు టీటీ600 వెలిగేదే ఆ పిన్నుతో. సోనీకైతే టీటీ600ఎస్ అని వేరే మోడల్ ఉంది, ఆర్డర్ పెట్టేటప్పుడు ఆ చివర అక్షరం చూసుకోండి.