ఆరేళ్లు వాడాక చెబుతున్నా: పాట పేరు చెప్పే యాప్, దానికి చిక్కని నలభై సెకన్లు

నాది మెడికల్ రెప్ ఉద్యోగం. నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు, మళ్లీ నెల్లూరు. నెలకు ఇరవై రోజులు బస్సుల్లోనూ డాక్టర్ల గుమ్మాల దగ్గరా గడిచిపోతాయి. చెవులు ఖాళీగా ఉంటాయి కాబట్టి ఎక్కడ ఏ పాట వినపడినా అదేంటో తెలియకపోతే నాకు తోచదు. అందుకే ఆరేళ్ల క్రితం పాటను విని పేరు చెప్పే యాప్ ఒకటి ఫోన్‌లో వేసుకున్నాను. ఏ కంపెనీదో చెప్పను. ఈ జాతి యాప్‌లన్నీ ఇంచుమించు ఒకే పద్ధతిలో నడుస్తాయి, కాబట్టి పేరుతో మీకు పనిలేదు.

మొన్న లెక్క చూస్తే దాని జాబితాలో 412 పాటలున్నాయి. కిందికి జరుపుతూ పోతే నా తిరుగుళ్లన్నీ తేదీలతో సహా కనిపిస్తాయి. కావలి బస్టాండు టీకొట్టు, ఒంగోలు లాడ్జి లిఫ్టు, కందుకూరు రోడ్డులో డాబా. నేను రాయని డైరీ అది.

ముందు మంచి చెబుతాను. రికార్డు బయట దొరికేదైతే దీనికి తిరుగులేదు. ఒకరోజు తెల్లవారుజామున గుడి మైకులో సుప్రభాతం వస్తోంది. మైకు గరగర, పక్కన పాలవ్యాను హారను, కుక్కల అరుపులు. బటన్ నొక్కితే పది సెకన్లలోపే ఎం.ఎస్.సుబ్బులక్ష్మి గారి పేరు చూపించింది. 1963 నాటి రికార్డు, ఆ రొదలో! ఇంకోసారి ఒక ఇంగ్లీషు దెయ్యాల సినిమా చూస్తున్నాను. 1978లో వచ్చిన ‘డాన్ ఆఫ్ ది డెడ్’. షాపింగ్ మాల్‌లో శవాలు ఊగుతూ నడుస్తుంటే వెనక సర్కస్ బ్యాండు లాంటి ఒక తమాషా ట్యూను వస్తుంది. ఆ సినిమా ఆల్బమ్ మొత్తం వెతికి అది అందులో లేదని మా కొలీగు తేల్చేశాడు. యాప్ మాత్రం ‘ది గాంక్’ అని చెప్పింది. హెర్బర్ట్ చాపెల్ కట్టినది. సినిమా కోసం చేసిందే కాదు. లండన్‌లో 1909 నుంచీ ఉన్న డి వుల్ఫ్ అనే సంగీత లైబ్రరీలో ముందే తయారై ఉంటే, సినిమావాళ్లు డబ్బు కట్టి తెచ్చుకున్నారు. అప్పటిదాకా నాకు తెలియని సంగతి ఇది. సినిమాలో వినపడిన ప్రతి ముక్కనూ ఆ సినిమా సంగీత దర్శకుడే చేసి ఉండాలని లేదు.

ఇక లోపాలకు వస్తాను. లోపం తెలియాలంటే ఇది ఎలా పనిచేస్తుందో కొంచెం తెలియాలి. ఈ జాతిలోదే అయిన షజామ్ 2002లో బ్రిటన్‌లో మొదలైనప్పుడు యాప్‌లు ఎక్కడివి? 2580కి ఫోన్ చేసి, ఫోన్‌ను స్పీకరు వైపు చూపిస్తే తర్వాత పాట పేరు మెసేజ్‌గా వచ్చేది. దాని వెనకున్న పద్ధతిని షజామ్ స్థాపకుల్లో ఒకడైన ఏవరీ వాంగ్ 2003లో ఒక పేపర్లో వివరించాడు. శబ్దాన్ని బొమ్మగా మారుస్తారు. ఆ బొమ్మలో గట్టిగా వినపడే చోట్ల మాత్రమే చుక్కలు పెడతారు, రాత్రి ఆకాశంలో నక్షత్రాల్లాగా. ఏ చుక్కకు ఏ చుక్క ఎంత దూరంలో ఉందో అంకెల్లో రాసుకుని, తమ దగ్గరున్న పాటల చుక్కలతో పోల్చి చూస్తారు. రొద ఎంతున్నా కొన్ని చుక్కలు మిగులుతాయి కాబట్టి గుడి మైకు సుప్రభాతం దొరికిపోయింది.

కానీ అది పోల్చేది రికార్డును. పాటను కాదు. వినాయక చవితి పందిట్లో మా వీధి ఆర్కెస్ట్రా కుర్రాడు బాలు గారి పాట అచ్చు గుద్దినట్టు పాడాడు. నెల్లూరులో బాలు పాట పాడటమంటే మాటలు కాదు, తప్పు పాడితే మొదటి వరసలో ముసలివాళ్లు ఊరుకోరు. జనం చప్పట్లు కొట్టారు. నా యాప్‌లో చక్రం తిరిగి తిరిగి ‘ఫలితం లేదు’ అంది. ఊపిరి వేరు, వేగం వేరు, చుక్కలు వేరు. దానికి అది పాటే కాదు.

ఈ సంగతి నాకు ముందే తెలిసి ఉంటే ఆ నలభై సెకన్ల కోసం ఏడాదిన్నర తిరిగేవాణ్ణి కాదు.

ఆదివారం మధ్యాహ్నం టీవీలో పాత నలుపు తెలుపు సినిమా. భోజనం చేసి నాన్న, నేను హాల్లో కూర్చున్నాం. ఇంటి గుమ్మంలో నిలబడి అన్నదమ్ములిద్దరు ఆస్తి సంగతి మాట్లాడుకుంటుంటారు. వాళ్ల వెనక వీధిలో దేవుడి ఊరేగింపు పోతుంటుంది. కెమెరా ఊరేగింపు మీదికి పోదు, గుమ్మంలోంచి గొడుగు అంచు ఒకటే కనపడుతుంది. కానీ సన్నాయి వినపడుతుంది. మాటలున్న కీర్తనలా లేదది. నిటారుగా, అడుగులు వేస్తున్నట్టు ఉంది. అదే మెట్టు, అంటే అదే వరస, రెండోసారి వచ్చేటప్పటికి రెట్టింపు వేగం. నాకు ఒళ్లు జలదరించింది. ఫోన్ తీసేలోపు సినిమాలో తమ్ముడు “అన్నయ్యా!” అని ఏడుపు మొదలుపెట్టాడు, వంటింట్లో అమ్మ మిక్సీ వేసింది. యాప్ చేతులెత్తేసింది.

నాన్న మాత్రం టీవీ మీంచి చూపు తిప్పకుండానే, “గుడి మేళం రా అది. సామి బయటికొచ్చేటప్పుడు వాయిస్తారు” అన్నాడు. ఆయన పెరిగింది రంగనాయకులపేటలో, పెన్న ఒడ్డున గుడి నీడన. నేను పట్టించుకోలేదు. నాకు కావలసింది పేరు. గుడి మేళం పేరెలా అవుతుంది?

ఆ తర్వాత చేసినవన్నీ క్లుప్తంగా. ఆ సినిమా పాటల జాబితా చూశాను, లేదు. టైటిల్స్ ఆపి ఆపి చదివాను. సంగీత దర్శకుడి పేరుంది, సన్నాయి ఊదినవాళ్ల పేరు లేదు. నెట్‌లో అదే సినిమా దొరికితే మిక్సీ లేని సమయం చూసి యాప్‌కు వినిపించాను. ఎవరో అప్‌లోడ్ చేసిన ఆ కాపీలో అన్నదమ్ముల గొంతులు పిల్లల గొంతుల్లా ఉన్నాయి. కాపీరైటుకు దొరక్కుండా వేగం పెంచి పెడతారు కొందరు. శ్రుతి కూడా పెరిగిపోతుంది, ఇక యాప్ పోల్చుకునేదేముంది?

కూనిరాగం తీస్తే పాట చెప్పే సదుపాయం 2020 చివర్లో గూగుల్‌లోకి కూడా వచ్చింది. దీనికి రికార్డుతో పనిలేదు, మెట్టు పోల్చి చూస్తుంది. సినిమా పాటల పల్లవులకు బాగానే పనికొస్తుంది, పదిలో ఆరేడు చెప్పేది. రాత్రి పదకొండింటికి ఆ సన్నాయి మెట్టును ముక్కుతో లాగుతుంటే మా ఆవిడ దుప్పటి తీసి, “ఏందండీ ఆ రొద, దోమలే నయం” అంది. ఫలితం ఏదో స్పానిష్ జోలపాట. పదకొండు శాతం పోలిక అని రాసి మరీ చూపించింది. సన్నాయిలో ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే జారుడు ఉంటుంది చూడండి, నా ముక్కులో అది పలకదు. దోషం సగం నాదే.

చివరకు దొరికింది మాగుంట లేఅవుట్ దగ్గర ఒక పెళ్లిలో. ముహూర్తానికి ఇంకా గంట టైముంది. మేళం వాళ్లు వేదిక పక్కన చాప మీద కూర్చుని కాఫీలు తాగుతున్నారు. సన్నాయి ఆయనకు అరవై దాటి ఉంటాయి. పీకల (సన్నాయి మూతికి పెట్టి ఊదే ముక్కల) కట్టలోంచి ఒక్కొక్కటే తీసి, నోట్లో తడిపి, ఊది చూసి, నచ్చనిది పక్కన పెడుతున్నాడు. వెళ్లి కూర్చుని, “అయ్యా, ఒక్క నిమిషం ఇది వింటారా?” అని ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టాను. టీవీలోంచి తీసుకున్న వీడియో. తమ్ముడి ఏడుపు, మా అమ్మ మిక్సీ, అన్నీ ఉన్నాయి.

ఐదు సెకన్లు కూడా వినలేదు. పీక నోట్లోంచి తీసి నవ్వాడు.

“మల్లారి గదా నాయనా ఇది. గంభీర నాట రాగం.”

“అంటే ఏ కీర్తనండీ?”

“కీర్తన కాదు. దీనికి మాట ఉండదు. సామిని పల్లకీలో బయటికి తెచ్చేటప్పుడు వాయించేది.” వేళ్లు గాల్లోనే సన్నాయి రంధ్రాల మీద ఆడిస్తూ స, గ, మ, ప, ని అని స్వరాలు అన్నాడు. రి లేదు, ధ లేదు. “ఒకే మెట్టు కాలం మార్చి వాయిస్తాం, మొదట నిదానం, తర్వాత రెట్టింపు. విన్నావుగా?”

విన్నాను. ఏడాదిన్నరగా వింటూనే ఉన్నాను. మాట లేని దాన్ని మాట కొట్టి వెతికితే ఏం దొరుకుతుంది! మల్లారిలోనూ రకాలున్నాయట. రథానికి ఒకటి, నైవేద్యం తెచ్చేటప్పుడు ఒకటి, తీర్థానికి ఒకటి. మరి ఆయనకు ఎవరు నేర్పారని అడిగితే, “మాది కరవది బాణీ” అన్నాడు గర్వంగా.

కరవది అంటే ఒంగోలు దాటగానే వచ్చే చిన్న స్టేషన్. విజయవాడ మీటింగులకు పోతూ కిటికీలోంచి ఆ బోర్డు వందసార్లు చూసుంటాను. సన్నాయి విద్వాంసుడు షేక్ చిన మౌలానా సాహెబ్ పుట్టిన ఊరు అదేనని నాకు తెలియదు. 1924లో పుట్టారు. తంజావూరు బాణీ పట్టుకుని శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి. ఆయన శిష్యులైన మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది. సన్నాయి పెళ్లిళ్లకే అనుకుంటూ, ఆ బోర్డు ముందు నిద్రపోతూ పోయాను ఇన్నాళ్లూ.

ఇంటికొచ్చి ‘మల్లారి’ అని కొడితే రికార్డులు వరసగా వచ్చిపడ్డాయి. ఒకటి స్పీకరులో పెట్టి, పరీక్షగా యాప్‌కు వినిపించాను. టక్కున వాయించినవాళ్ల పేరు, ఆల్బమ్ పేరు చెప్పేసింది. అదే మల్లారి సినిమాలోది పెడితే మళ్లీ చక్రం. నాన్నకు చెబితే, “నేను చెప్పలా?” అని పేపరు తిప్పాడు.

కొత్తగా వేసుకునేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. పాటలకు కళ్లు మూసుకుని వేసుకోండి. ఫోన్‌ను టీవీ స్పీకరుకు జానెడు దూరంలో పెట్టండి, డైలాగు లేని పదిహేను సెకన్లు వెతికి పట్టుకోండి. సిగ్నల్ లేని ఊళ్లలో కూడా నొక్కండి. నా యాప్ అయితే విన్నది దాచుకుని, సిగ్నల్ వచ్చాక చెబుతుంది. ఉలవపాడు దాటేటప్పుడు నొక్కితే సింగరాయకొండలో జవాబు వచ్చిన రోజులున్నాయి. సినిమాలో బ్యాక్‌గ్రౌండ్‌గా వచ్చే సన్నాయి, వీణ, డప్పు ముక్కలకు మాత్రం దాని మీద ఆశ పెట్టుకోవద్దు. పాటలకైతే ఐదుకు నాలుగున్నర ఇస్తాను, వీటికి ఒకటి. ఆ ఒకటి కూడా ‘ది గాంక్’ పుణ్యమే.

ఇప్పుడు ఇంకొకటి పట్టుకుంది. ఇంకో పాత సినిమాలో, కథానాయిక కిటికీ మూసేటప్పుడు పక్కింట్లోంచి వచ్చే వీణ, మహా అయితే ఇరవై సెకన్లు. యాప్‌కు ఒక్కసారే వినిపించి వదిలేశాను. మూలాపేటలో వీణ నేర్పే పెద్దావిడ ఒకరున్నారని తెలిసింది. ఆదివారం పొద్దున పది తర్వాత రమ్మన్నారు.