ఉగ్రదాడి తర్వాత ఏది మేలు: ఎదురుదాడా, కొత్త చట్టమా, కోర్టు కేసా?

2024 మార్చి 1, శుక్రవారం మధ్యాహ్నం. బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లోని రామేశ్వరం కెఫేలో బాంబు పేలిందన్న సంగతి నాకంటే ముందు అనంతపురంలో మా అమ్మకు తెలిసింది. "ఆడికి టిఫిన్‌కు పోలేదు కదా?" అని మొదటి ఫోను ఆమెదే. తర్వాత అత్తమ్మ, మేనమామ, ఇంటర్లో కలిసి చదివినవాడు. కుందలహళ్లి చుట్టుపక్కల తెలుగువాళ్లలో ఆ రోజు ఫోను మోగనివాళ్లు లేరనుకుంటా.

క్షేమం కనుక్కోవడం అయ్యాక వచ్చే రెండో ప్రశ్న, ప్రభుత్వం ఏం చేస్తే ఇవి ఆగుతాయని. పహల్గాం తర్వాత అది మరీ ఎక్కువైంది. మా బామ్మర్ది అయితే ఇంటికొచ్చిన ప్రతి ఆదివారం అదే ఎత్తుకుంటాడు. ఒక్కొక్కరికి విడిగా చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నా.

ముందు ఎదురుదాడి సంగతి. 2016లో కశ్మీర్‌లోని ఉరి సైనిక శిబిరం మీద దాడి జరిగిన 11 రోజులకు సర్జికల్ స్ట్రైక్స్. 2019లో పుల్వామాలో 40 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు చనిపోయిన 12 రోజులకు బాలాకోట్ మీద విమాన దాడి. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని చంపేస్తే మే 7న తొమ్మిది చోట్ల ఆపరేషన్ సిందూర్. దెబ్బకు దెబ్బ తగిలిందన్న తృప్తి ఉంటుంది, కాదనను. ఆ రాత్రి నేనూ నిద్రపోకుండా టీవీ ముందే కూర్చున్నా. కానీ వరస చూడండి. మొదటిసారి నియంత్రణ రేఖ పక్కన, రెండోసారి పాకిస్తాన్ లోపల ఖైబర్ పఖ్తూన్‌ఖ్వాలో, మూడోసారి పాకిస్తాన్ పంజాబ్ నడిబొడ్డున బహావల్‌పూర్, మురీద్కే. ప్రతిసారీ ఒక మెట్టు పైకే ఎక్కాం. రెండు దేశాల దగ్గరా అణుబాంబులున్నాయి. ఇంకెన్ని మెట్లున్నాయో చెప్పమంటే మా బామ్మర్ది మాట మారుస్తాడు.

పైగా సిందూర్ దెబ్బ స్థావరాలకు తగిలింది గానీ, పహల్గాం దాడి జరిగిన బైసరన్‌లో తుపాకీ పేల్చిన ముగ్గురూ అప్పటికి కశ్మీర్ అడవుల్లోనే ఉన్నారు. జులై 28న శ్రీనగర్ దగ్గర దాచిగామ్ వైపు వాళ్లను మట్టుబెట్టారు. వాళ్లే వీళ్లని ఎలా తెలిసింది? అక్కడ దొరికిన రైఫిళ్లను, బైసరన్‌లో ఏరిన ఖాళీ తూటా షెల్స్‌ను చండీగఢ్ ఫోరెన్సిక్ ల్యాబ్‌లో పోల్చి చూస్తే సరిపోయాయని మర్నాడు హోంమంత్రి పార్లమెంటులో చెప్పారు. టీవీలో యుద్ధవిమానాలు కనిపించినంతగా ఆ ల్యాబ్ కనిపించలేదు. నాకు మాత్రం అదే అసలు విషయం.

అమెరికా 2001 తర్వాత అఫ్గానిస్తాన్‌లో ఇరవయ్యేళ్లు యుద్ధం చేసింది. చివరికి 2021లో కాబూల్‌లో మళ్లీ తాలిబన్లే కూర్చున్నారు. సెప్టెంబర్ 11 దాడుల సూత్రధారిగా చెప్పే ఖలీద్ షేక్ మహమ్మద్ 2003లోనే దొరికాడు. చిత్రహింసలు పెట్టి, కోర్టుకు బదులు గ్వాంటనామో సైనిక జైల్లో పెట్టారు. ఇరవయ్యేళ్లు దాటినా విచారణ ముగియలేదు. హింసించి రాబట్టిన మాటలు సాక్ష్యంగా చెల్లుతాయా అన్న దగ్గరే ఆ కేసు ఏళ్లకేళ్లు చిక్కుకుంది.

ఇక ఉగ్రవాదం మీద తెచ్చిన ప్రత్యేక చట్టాలు. టాడా వచ్చింది, పోయింది. పోటా వచ్చింది, పోయింది. ఉపా ఉంది, ప్రతి సవరణతో బిగుసుకుంటూనే ఉంది. అందులో బెయిలు దొరకడం ఎంత కష్టమో అందరికీ తెలుసు. చట్టం గట్టిగా ఉంటే దర్యాప్తు దానంతటదే గట్టిగా ఉంటుందనుకుంటాం. అక్షర్‌ధామ్ కేసు చూస్తే అది తప్పని తెలుస్తుంది. 2002లో గాంధీనగర్ గుడి మీద దాడి చేసిన ఇద్దరూ అక్కడికక్కడే చనిపోయారు. వాళ్లకు సాయం చేశారంటూ ఆరుగురి మీద పోటా పెట్టారు. పోలీసు అధికారి ముందు ఇచ్చిన వాంగ్మూలం కోర్టులో చెల్లేలా చేసిన చట్టం అది. ముగ్గురికి ఉరిశిక్ష కూడా పడింది. 2014 మే 16న సుప్రీంకోర్టు ఆరుగురినీ నిర్దోషులని వదిలేసింది. జైలుపాలైనవాళ్ల సంగతి అటుంచండి. ఆ కుట్ర వెనక నిజంగా ఎవరైనా ఉంటే, అన్నేళ్లూ వాళ్ల కోసం వెతికినవాళ్లెవరు?

నా లెక్కలో తేల్చే విషయం ఇదే: చేసింది ఎవరో సరిగ్గా తెలిసిందా, దాన్ని కోర్టులో నిలబెట్టగలిగారా? దీనికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు, హైదరాబాద్ చాలు. 2007 మేలో మక్కా మసీదు పేలుడు. వెంటనే పాతబస్తీ కుర్రాళ్లను పట్టుకెళ్లారు. తర్వాత కేసు చేతులు మారింది, అనుమానం పూర్తిగా వేరే వైపు మళ్లింది. ముందు పట్టుకెళ్లినవాళ్లలో కొందరికి రాష్ట్ర ప్రభుత్వమే పరిహారం ఇవ్వాల్సి వచ్చింది. 2018లో రెండో జట్టు నిందితులు కూడా నిర్దోషులుగా బయటికొచ్చారు. తొమ్మిది మంది ప్రాణాలు తీసిన బాంబు ఎవరు పెట్టారో చట్టం లెక్కలో నేటికీ తెలియదు. మొదటి వారంలో తొందరపడితే జరిగేది ఇదే.

అదే ఊళ్లో 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్లకు పెట్టిన బాంబులు పేలాయి, 18 మంది పోయారు. ఈసారి కేసు జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్‌ఐఏ చూసింది. ఆరు నెలల్లో ప్రధాన నిందితుల్లో ఒకడైన ఇండియన్ ముజాహిదీన్ నాయకుడు యాసిన్ భత్కల్ నేపాల్ సరిహద్దులో దొరికాడు. 2016 డిసెంబర్‌లో ప్రత్యేక కోర్టు ఐదుగురికి ఉరిశిక్ష వేసింది, 2025 ఏప్రిల్‌లో తెలంగాణ హైకోర్టు ఖాయం చేసింది. మా కెఫే కేసూ అంతే. పేలిన మూడో రోజుకే ఎన్‌ఐఏ చేతికొచ్చింది. నిందితుడు పారేసిపోయిన టోపీ, బస్సుల్లో సీసీ కెమెరాలు, ఆనవాళ్లు చెన్నై దాకా వెళ్లాయి. ఏప్రిల్ 12న ఇద్దరు పశ్చిమ బెంగాల్‌లో దొరికారు. సెప్టెంబర్‌కు నలుగురి మీద ఛార్జిషీటు. ఎక్కడా విమానం ఎగరలేదు.

తనిఖీలు, ఆంక్షల్లాంటి మిగతావాటి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మెట్రోలో బ్యాగు స్కానర్లు ఉండాల్సిందే. మాల్ గేటు దగ్గర కారు కింద అద్దం పెట్టి చూడటం వల్ల ఏం దొరుకుతుందో నాకింతవరకు అర్థం కాలేదు. ఇంటర్నెట్ ఆపేస్తే మొదట ఇబ్బంది పడేది ఇంటికి ఫోను చేయాలనుకునేవాళ్లే.

"మరి సరిహద్దు అవతల కూర్చున్నవాడినేం చేస్తావు బావా? సమన్లు పంపుతావా?" ఇది మా బామ్మర్ది బ్రహ్మాస్త్రం. న్యాయమైన ప్రశ్నే. అక్కడ కోర్టు చేయి అందదు, సైన్యం అవసరమయ్యే రోజూ ఉంటుంది. ఒప్పుకుంటా. కానీ అక్కడా పనికొచ్చింది సాక్ష్యమే. ముంబై 26/11 దాడి రాత్రి పోలీసు తుకారాం ఓంబ్లే తన ప్రాణం పోతున్నా ఉగ్రవాది కసబ్‌ను వదల్లేదు. కసబ్ సజీవంగా దొరకబట్టే, కుట్రలో కొంత తమ గడ్డ మీద జరిగిందని 2009 ఫిబ్రవరిలో పాకిస్తానే ఒప్పుకోవాల్సి వచ్చింది. 2018లో ఉగ్రవాదులకు డబ్బు చేరకుండా చూసే అంతర్జాతీయ సంస్థ ఎఫ్‌ఏటీఎఫ్ పాకిస్తాన్‌ను గ్రే లిస్టులో, అంటే నిఘా జాబితాలో, పెట్టి డబ్బు దారులు బిగించాక, 2020లో లష్కరే తోయిబా వ్యవస్థాపకుడు హఫీజ్ సయీద్‌కు అక్కడి కోర్టే శిక్ష వేసింది. అది 26/11 కేసులో కాదు, ఉగ్రవాదానికి నిధులిచ్చిన కేసులో. చాలదు, నిజమే. షికాగోలో 2009లో దొరికిన 26/11 నిందితుడు తహవ్వుర్ రాణా మన దగ్గరికి రావడానికి 2025 ఏప్రిల్ దాకా పట్టింది.

మా బామ్మర్ది దగ్గర ఇంకో మాట ఉంది, దానికి మాత్రం నేను కాసేపు నోరెత్తలేను. 2013లో వాడు దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉండి కోచింగ్‌కు వెళ్లేవాడు. ఆ సాయంత్రం గంటన్నర సేపు వాడి ఫోను కలవక మా అత్తమ్మ పడిన టెన్షన్ నాకు గుర్తుంది. "హైకోర్టు తీర్పొచ్చేసరికి పన్నెండేళ్లు బావా. నా కూతురు బడికి పోతోంది."

నేను వాడికి తేదీలు చూపిస్తా. పట్టుకోవడానికి ఆరు నెలలు, కింది కోర్టులో తేల్చడానికి మరో మూడేళ్లు. మిగతా ఎనిమిదేళ్లకు పైగా హైకోర్టు మెట్టు దగ్గరే పోయాయి. కసబ్ కేసులో అదే మెట్టు పది నెలల్లోపే దాటింది.