పిల్లి బోను: వెనక తలుపు లేనిది కొనొద్దు

ముందు అసలు విషయం చెప్పేస్తాను, ఓపిక లేనివాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు. ఆన్‌లైన్‌లో దొరికే ఇనుప జాలీ బోను, మడత పెట్టుకునే రకం, మూడడుగులకి కాస్త తక్కువ పొడవు, ముందు దబ్బున పడే తలుపు, లోపల కాలు పెడితే కిందకి దిగే రేకు, పైన పట్టుకోవడానికి పిడి, రెండున్నర వేల చిల్లర. బ్రాండ్ పేరంటూ ఏమీ లేదు, అట్టపెట్టె మీద ఎలుక, పిల్లి, కుందేలు బొమ్మలు ఉంటాయి, అంతే. విజయవాడ సత్యనారాయణపురంలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో తిరిగే పిల్లుల్ని పట్టుకుని, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, మళ్ళీ అదే సెల్లార్‌లో వదలడానికి తెప్పించాం. పిల్లిని పట్టడం వరకు ఇది బ్రహ్మాండం. పట్టాక ఏం చేయాలన్నది మాత్రం తయారుచేసినవాళ్ళు ఆలోచించినట్టే లేదు. వచ్చింది వచ్చినట్టుగా అయితే ఐదుకి మూడు, ఆటోనగర్‌లో వెల్డింగ్ చేయించాక నాలుగున్నర.

ఎందుకు ఆలోచించలేదో దాని కింద ఉన్న రివ్యూలు చదివితే తెలిసిపోతుంది. "పట్టేశాం, ఊరవతల వదిలేశాం, పీడ వదిలింది" అని రాసినవాళ్ళే ఎక్కువ. అలా వదిలేయడానికైతే ఒక్క తలుపు చాలు కదా, ఎత్తి పక్కకి జరిగితే అదే దూకి పోతుంది. మా అసోసియేషన్ మీటింగ్‌లో కూడా ముందు ఇదే మాట, బ్యారేజీ దాటించి కరకట్ట మీద వదిలేద్దామని. పిల్లికి తన చోటే ప్రాణం. తెలియని చోట దింపితే తిండి కూడా వెతుక్కోకుండా ముందు దాక్కుంటుంది, తర్వాత పాత చోటికి దారి వెతుక్కుంటూ రోడ్డెక్కుతుంది, అక్కడి కుక్కలకో లారీలకో బలైపోతుంది. పోనీ ఇటు సెల్లార్ ఖాళీగా ఉంటుందా అంటే అదీ లేదు. చెత్తడబ్బా, ఆదివారం చేపల తలకాయలు, ఎలుకలు అన్నీ అలాగే ఉన్నాయి కాబట్టి పక్క వీధి పిల్లి వచ్చి కూర్చుంటుంది, దానికి ఆపరేషన్ అయి ఉండదు. ఆడ పిల్లి నాలుగైదు నెలల వయసుకే చూలు కట్టగలదు, మోసేది తొమ్మిది వారాలు, పిల్లలు ఇంకా పాలు తాగుతుండగానే మళ్ళీ ఎదకు రాగలదు, ఇక లెక్క మీరే వేసుకోండి. తిండి లేక మాడేలా ఒక జంతువుని వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం అని చెప్పాక మీటింగ్‌లో స్వరం కొంచెం తగ్గింది.

ఇప్పుడు వెనక తలుపు సంగతి. పట్టిన పిల్లి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, మధ్యలో ఒకట్రెండు రాత్రులు మన దగ్గర ఉండాలి. మచ్చిక లేని పిల్లిని చేత్తో బయటికి తీయడం జరిగే పని కాదు. దాని కోరపళ్ళు సూదుల్లాంటివి, కరిస్తే పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది, లోపల చీము పడుతుంది. అదే వెనకవైపు పైకి జారే తలుపు ఉందనుకోండి, దానికి క్యారియర్ (పిల్లిని మోసుకెళ్ళే పెట్టె) మూతి ఆనించి, తలుపు పైకి లాగి, బోను మీద గుడ్డ తీసి క్యారియర్ మీద కప్పితే చాలు, వెలుతురులోంచి చీకట్లోకి చాలావరకు అదే నడుచుకుంటూ వెళ్ళిపోతుంది. నీళ్ళ గిన్నె పెట్టాలన్నా, తడిసిన కాగితం మార్చాలన్నా ఆ తలుపే దిక్కు. ముందు తలుపుని ఒక చేత్తో ఎత్తి పట్టుకుని రెండో చేత్తో పని చేద్దామంటే ఆ సందులోంచి రెప్పపాటులో పోతుంది, అలా ఒకసారి తప్పించుకున్నదాన్ని మళ్ళీ బోను దగ్గరికి రప్పించడం మహా కష్టం.

ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు ఒకదానికి పట్టుకెళ్ళాం. మేస్త్రీ అటూ ఇటూ తిప్పి చూసి "ఏంటమ్మా, చిరుతపులినా పట్టేది?" అన్నాడు. పిల్లినే బాబాయ్, ఆపరేషన్‌కి అంటే ముందు నవ్వాడు, తర్వాత తన షెడ్డు వెనక టైర్ల మధ్య ఈనిన పిల్లి గురించి చెప్పి బోను ఓసారి మాక్కూడా ఇస్తారా అని అడిగాడు. పని మాత్రం చక్కగా చేశాడు. వెనక జాలీ కోసి రెండు పక్కలా యాంగిల్ వేసి పైకి జారే తలుపు పెట్టాడు. లోపలివైపు తీగల కొసలు గరుగ్గా ఉన్నవన్నీ గ్రైండింగ్ పట్టాడు, ఎందుకంటే పట్టుబడిన పిల్లి మొట్టమొదట చేసే పని ముక్కు జాలీకి కొట్టుకోవడమే, కొత్త బోను అంచులు బ్లేడులా ఉన్నాయి. తలుపు బరువుకి పడి ఊరుకుంటుంది తప్ప గొళ్ళెం లేదు, తెలివైన పిల్లి పంజాతో ఎత్తేస్తుంది, దానికి చిన్న కొక్కెం పెట్టాడు. తలుపు పడే చోట సైకిల్ ట్యూబ్ ముక్క అంటిస్తే ఆ దబ్ మనే చప్పుడు సగం తగ్గింది, చుట్టుపక్కల మిగతా పిల్లులు బెదరవు. ఇంకొకటి, ఇనుప కడ్డీలతో పెద్ద దువ్వెన లాంటిది ఒకటి చేయించాం, జాలీ సందుల్లోంచి దించితే పిల్లి బోనులో ఒక పక్కకి పరిమితం అవుతుంది, డాక్టర్ బయటినుంచే మత్తు ఇంజెక్షన్ ఇచ్చేస్తారు. అన్నీ కలిపి బోను ధరలో సగం కూడా కాలేదు. ఇవన్నీ కంపెనీ వాడే చేసి ఇంకో వెయ్యి ఎక్కువ తీసుకున్నా మనం కొంటాం కదా.

బోనుతో వచ్చిన కాగితంలో "ఎర పెట్టండి, వేచి ఉండండి" అని తప్ప ఏమీ లేదు. పిల్లి ఎలా ఆలోచిస్తుందో తెలియకపోతే దీన్ని నెలల తరబడి పెట్టుకుని కూర్చున్నా ఉపయోగం లేదు. సెల్లార్ నడిమధ్య పెట్టొద్దు, పిల్లి నడిచేది గోడ వారగా, బండ్ల కిందగా, అక్కడే పెట్టాలి. కాళ్ళ కింద జాలీ తగిలితే వెనక్కి పోతుంది కాబట్టి అడుగున న్యూస్‌పేపర్ పరిచి అంచులు టేప్ వేయాలి, గాలికి రెపరెపలాడినా అయిపోయినట్టే. ముందు కొన్నాళ్ళు తలుపు ఎత్తి తాడుతో కట్టేసి, రోజూ ఒకే వేళకి తిండి అందులోనే పెట్టాలి, ముందు గుమ్మం దగ్గర, తర్వాత లోపలికి, చివరికి రేకు అవతల. భయం లేకుండా లోపలికెళ్ళి తినడం అలవాటయ్యాక ఒక రోజు తిండి ఆపి మర్నాడు తాడు విప్పాలి. తిండి ఆపడం అంటే అపార్ట్‌మెంట్ మొత్తం ఆపాలి, మా మూడో అంతస్తు మామ్మగారు "పాపం నోరు లేని జీవం" అని చాటుగా పెరుగన్నం పెట్టేస్తే ఆకలి లేని పిల్లి బోను పక్కనే కూర్చుని ఒళ్ళు నాక్కుంటుంది.

ఎరకి ఎండు నెత్తళ్ళకి మించింది లేదు, పెనం మీద కాస్త వేయిస్తే వాసన మెట్లదాకా వెళ్తుంది. ఉప్పు ఎక్కువ కాబట్టి ఎరగా నాలుగు చాలు, రోజువారీ తిండిగా వద్దు. పాలు అసలు వద్దు. పెద్దయ్యాక చాలా పిల్లులకి పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి, అదీ బోనులో పడ్డాక అయితే కడుక్కునేది మనమే. మామ్మగారి పెరుగన్నంతోనూ సమస్య ఉంది, పిల్లికి టారిన్ అనే పదార్థం తగినంత కావాలి, అది మాంసంలో, చేపలో ఉంటుంది, అన్నంలో ఉండదు, అది చాలకపోతే చూపు పోతుంది, గుండె కండరం దెబ్బతింటుంది. ఇప్పుడు ఆవిడ అన్నంలో ఉడికించిన చేప కలుపుతున్నారు, శాకాహారి అయినా కోడలి చేత వండించి మరీ.

ముందు ఆడవాటినే పట్టండి. మూడు రంగులున్నది దాదాపు ఎప్పుడూ ఆడదే, నారింజ రంగుది ఎక్కువగా మగది, బుగ్గలు ఉబ్బి తలకాయ పెద్దగా ఉంటే గండుపిల్లి. పొట్ట కింద చనుమొనలు ఉబ్బి చుట్టూ జుట్టు ఊడి ఉంటే ఎక్కడో పాలు తాగే పిల్లలున్నాయని అర్థం, తల్లిని పట్టేసి మన దగ్గర ఉంచుకుంటే అవి చచ్చిపోతాయి. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు, మనం రెండుసార్లు తొంగి చూస్తే చాలు, చోటు మార్చేస్తుంది. కాబట్టి దూరం నుంచే గమనించి, పిల్లలు సొంతంగా తినేదాకా ఆగడం మేలు. పిల్లల్ని మచ్చిక చేసి ఎవరికైనా ఇవ్వాలనుకుంటే మాత్రం రెండు నుంచి ఏడు వారాల వయసులో మనుషుల చేతులు అలవాటవ్వాలి, అది దాటాక ప్రతి వారం కష్టం పెరుగుతుంది.

తలుపు పడగానే ఫోటో తీయకుండా ముందు మందపాటి దుప్పటి కప్పండి. చీకటి పడితే కొట్టుకోవడం ఆపేస్తుంది. అలా ఆపేసి కదలకుండా కూర్చుంటే "పాపం అలవాటు పడింది" అనుకుంటారు, కాదు, కనుపాపలు పెద్దవై, చెవులు వెనక్కి అణిచి, ఒళ్ళు నేలకి కరుచుకుని ఉంటే అది భయంతో బిగుసుకుపోవడం. గుర్‌గుర్‌మన్నా సంతోషమే అని కాదు, నొప్పిలోనూ అలా అంటాయి. బోనులో బుస్సుమన్నదల్లా మచ్చిక లేని పిల్లీ కాదు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిన తర్వాత ఎక్కడినుంచో మా సెల్లార్‌కి చేరిన తెల్ల పిల్లి ఒకటి మొదట్లో దగ్గరికెళ్తే చాలు ఉమ్మినట్టు చప్పుడు చేసేది. తేరిపారా చూడకుండా, ఎదురుగా కూర్చుని నెమ్మదిగా కళ్ళు మూసి తెరుస్తూ ఉంటే కొన్నాళ్ళకి అదీ అలాగే కళ్ళార్పింది, తర్వాత తోక నిటారుగా ఎత్తి జాలీకి ఒళ్ళు రుద్దింది. ఎవరింట్లోనో ముద్దుగా పెరిగిందే అది. ఇప్పుడు గుంటూరు బ్రాడీపేటలో మా చెల్లి వాళ్ళింట్లో ఉంది.

డాక్టర్ విషయంలో ముందే ఫోన్ చేసి "వీధి పిల్లి, బోనులో తెస్తున్నాం" అని స్పష్టంగా చెప్పండి, పెంపుడు పిల్లులకే చేస్తామని గుమ్మం దగ్గర వెనక్కి పంపిన క్లినిక్కులూ ఉన్నాయి. గన్నవరంలో వెటర్నరీ కాలేజీ ఉంది, అక్కడా కనుక్కోవచ్చు. మత్తులో ఉండగానే ఎడమ చెవి కొస తిన్నగా కొద్దిగా కత్తిరించమని అడగండి, ఆపరేషన్ అయిందనడానికి చాలా దేశాల్లో అదే గుర్తు, దూరం నుంచే కనిపిస్తుంది, మళ్ళీ దాన్నే పట్టి తిప్పలు పెట్టరు. మత్తు దిగేదాకా పిల్లి ఒళ్ళు చల్లబడిపోతుంది కాబట్టి మన విజయవాడ ఎండలకి పాపమనిపించి కూలర్ ముందు పెట్టేయకండి. బోను పెట్టేటప్పుడు మాత్రం ఎండే శత్రువు, చీకటి పడ్డాకే పెట్టండి, పెట్టి నిద్రపోకండి. గండుపిల్లికి ఆపరేషన్ అయిన మర్నాటినుంచే అరుపులు, ఉచ్చ వాసన ఆగిపోవు, కొన్ని వారాలు పడుతుంది. నొప్పిగా ఉందేమో అని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ వేయడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు, పిల్లికి అది విషం. మనల్ని కరిచినా గీరినా నీళ్ళ ధార కింద సబ్బుతో పావుగంట కడిగి వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి యాంటీ రేబిస్ సూది వేయించుకోండి, ఉచితమే.

శుభ్రం చేయడంలో ఈ బోను మళ్ళీ మార్కులు పోగొట్టుకుంది. ఫినాయిల్ వాడకూడదు, పిల్లి శరీరం దాన్ని తట్టుకోలేదు, కాళ్ళకి అంటింది నాకేస్తుంది. ఒక పిల్లి తర్వాత ఇంకో పిల్లిని పెట్టే బోను కాబట్టి బ్లీచింగ్ తప్పదు, పిల్లుల్లో పాన్‌ల్యూకోపీనియా అని ఒక జబ్బు ఉంది, పిల్లల్ని గుంపుగా చంపేస్తుంది, ఆ వైరస్ నెలల తరబడి అలాగే ఉండిపోతుంది, ఉత్త సబ్బుకి చావదు. సబ్బుతో కడిగి, పల్చటి బ్లీచింగ్ నీళ్ళు కాసేపు ఉంచి, మళ్ళీ బాగా కడిగి ఎండబెడితే సరి. కానీ బోనుకి వేసిన నల్ల కోటింగ్ కొద్దిరోజులకే పెచ్చులూడింది, మూలల్లో తుప్పు మొదలైంది. కొనగానే మంచి పెయింట్ ఇంకో కోటు వేయించండి.

ఒక్క ఇంటికోసం కొనక్కర్లేదు, వీధికి ఒకటుంటే ఎక్కువ, మాది చేతులు మారుతూనే ఉంది. ఎలుకల కోసం చూస్తున్నవాళ్ళు దీని జోలికి రాకండి, జాలీ కన్నాలు పెద్దవి, మా సెల్లార్ ఎలుకలు నెత్తళ్ళు తినేసి పక్క కన్నంలోంచి దర్జాగా వెళ్ళిపోయాయి, రేకు కూడా కదల్లేదు. పందికొక్కు మాత్రం పడింది.