పాత బకెట్ నిపుల్ డ్రింకర్, పీవీసీ మేత పైపు: మూడేళ్లు వాడాక

నలభై గ్రామప్రియ పెట్టలు, కొన్ని అసీల్ కోళ్లు ఉన్న పెరటి షెడ్డులో మూడేళ్లుగా వాడుతున్నవి ఇవి. నీళ్ల బకెట్‌కు పూర్తి మార్కులు. మేత పైపుకు సగమే.

బకెట్ 20 లీటర్లది, మూత ఉన్నది, అడుగున 6 నిపుళ్లు (కోడి ముక్కుతో పిన్నును తాకితే నీళ్లు వదిలే చిన్న కవాటాలు). ఏడెనిమిది కోళ్లకు ఒక నిపుల్ సరిపోతుంది. బేకరీలు, స్వీటు షాపులు పడేసే బకెట్లు మేలు. ఆయిల్ పెయింటు, పురుగుమందు పట్టిన డబ్బాలు ఎన్నిసార్లు కడిగినా తాగే నీళ్లకు పనికిరావు. మా నిపుళ్లకు 9 మి.మీ. బిట్ సరిపోయింది. మీవి వేరే కంపెనీవైతే ముందు పగిలిన ప్లాస్టిక్ ముక్కకు రంధ్రం వేసి, నిపుల్ బిగించి చూడండి. అర మిల్లీమీటరు ఎక్కువైనా టెఫ్లాన్ టేపు ఎంత చుట్టినా కారుతుంది. డ్రిల్లు జోరుగా తిప్పితే ప్లాస్టిక్ కరిగి అంచు వంకర పోతుంది, చాలా లీకులు అక్కడే మొదలవుతాయి. టేపు మూడు చుట్లు చుట్టి, చేత్తో బిగించి, ఆపైన పానాతో పావు తిప్పు చాలు. అంతకు మించితే పాత బకెట్ నెర్రె ఇస్తుంది.

మూతకు గాలి రంధ్రం తప్పనిసరి. గాలి లోపలికి పోకపోతే నీళ్లు దిగవు. బకెట్ నిండుగానే కనిపిస్తుంది, కోళ్లు మాత్రం దాహంతో ఉంటాయి. మే నెలలో ఈ పొరపాటుకు కోళ్లే పోతాయి.

వేలాడదీసే ఎత్తు కోడి మెడ చాచి, ముక్కు పైకెత్తి తాగేంత ఉండాలి. కిందికుంటే ముక్కు పక్కగా తగిలి నీళ్లు ఊకలో పడతాయి. తడి ఊకలో కాక్సిడియోసిస్ అనే పేగుల రోగపు క్రిములు ఒకటి రెండు రోజుల్లోనే రోగం తెచ్చే స్థితికి వస్తాయి, పిల్లల రెట్టలో నెత్తురు కనిపిస్తుంది. ఊకను పొడిగా ఉంచడమే ఈ బకెట్ చేసే అసలు మేలు. అసీల్ కోళ్లు పొడుగు కాబట్టి వాటికి ఇంకో బకెట్ జానెడు ఎక్కువ ఎత్తున కట్టాలి. పళ్లెంలో తాగడం అలవాటైన పెద్ద కోళ్లు నిపుల్ నేర్చుకోవడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అప్పటిదాకా పళ్లెం తీయకండి, ఎండాకాలంలో అసలు మార్చకండి.

బోరు నీళ్లలో సున్నం పేరుకుని నిపుల్ పిన్ను ఇరుక్కుంటుంది. నెలకోసారి విప్పి రాత్రంతా వెనిగర్‌లో నానబెడితే వదులుతుంది. తెల్ల బకెట్‌లో నాచు పడుతుంది, గోనె సంచి చుడితే వెలుతురు ఆగుతుంది. వేసవిలో ఆ గోనెను తడిపితే నీళ్లు చల్లబడతాయి, వేడి నీళ్లు కోళ్లు సరిగా తాగవు. కొక్కెర తెగులు రాకుండా వేసే లసోటా టీకా నీళ్లలో ఇచ్చే రోజు మాత్రం బకెట్ పక్కన పెట్టి పళ్లేల్లోనే ఇవ్వండి. బకెట్ కడిగిన బ్లీచింగ్ ఏ కాస్త మిగిలినా టీకా పనిచేయదు.

ఇక మేత పైపు. 4 అంగుళాల పీవీసీ, 3 అడుగుల ముక్క, కింద ఎల్బో (వంపు ముక్క). జొన్నలు, నూకలు పోస్తే బాగానే దిగుతాయి. తవుడు కలిపిన మెత్తటి దాణా వానాకాలంలో పైపు మధ్య గడ్డకట్టి ఆగిపోతుంది. ఎల్బో మూలన చేరిన పొడి తడిసి బూజు పడుతుంది. ఆ బూజు దాణా తింటే కాలేయం దెబ్బతింటుంది. ఒక 90 డిగ్రీల ఎల్బోకు బదులు రెండు 45 డిగ్రీలవి వేసి, అడుగున 3 మి.మీ. రంధ్రాలు పెడితే కొంత నయం. అయినా అసలు లోపం పోదు. ఒక మూతి దగ్గర బలమైన పెట్ట నిలబడితే మిగతావి ఆకలితో ఉంటాయి. ఎలుకలు రాకుండా సాయంత్రం మూతికి క్యాప్ పెట్టడం కూడా రోజూ పనే.

మెత్తటి దాణాకు ఇప్పుడు వాడేది 6 అంగుళాల పైపు, 2 మీటర్లది, రెండు వైపులా ఎండ్ క్యాప్‌లు. సగానికి కోయకుండా పై మూడోవంతు మాత్రమే పట్టీలా కోసి తీశాం. అంచులు లోపలికి వంగి ఉంటాయి కాబట్టి దాణా చిమ్మడం తగ్గింది. కోసిన అంచును ఉప్పు కాగితంతో నున్నగా రుద్దాలి, లేకపోతే మెడలు గీసుకుపోతాయి. తొట్టిని పెట్టల వీపు ఎత్తులో కట్టి, పైన తిరిగే కర్ర ఒకటి పెడితే ఎక్కి రెట్ట వేయవు. దాణా మూడోవంతుకు మించి పోయకండి.