థియేటర్ తలుపు దగ్గర నా చెప్పులు పోయాయి: ‘మహావతార్ నరసింహ’ చూసొచ్చాక

ముందు నష్టం సంగతి చెప్పేస్తాను. మూడొందల యాభై పెట్టి కొన్న చెప్పులు, ఇంకా అడుగు కూడా అరగలేదు, మొన్న ఆదివారం కర్నూలులో ఒక థియేటర్ తలుపు దగ్గర పోయాయి. వాటిని అక్కడ విడవమని నాకెవరూ చెప్పలేదు, బోర్డూ లేదు. మా అత్త విడిచింది. ఆమెకంటే ముందే గోడ వారగా పదిహేను ఇరవై జతలు వరసగా ఉన్నాయి, నడిస్తే లైట్లు వెలిగే పిల్లల బూట్లతో సహా. వాటిని దాటుకుంటూ చెప్పుకాళ్లతో లోపలికి పోవడానికి నాకు మనసొప్పలేదు. ఈ సినిమాకు జనం చెప్పులు విడిచి పోతున్నారని ఫోన్లో వీడియోలు వస్తే వారం కింద నవ్వుకున్నవాణ్ని నేనే.

నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రెండేళ్ల కింద రిటైరయ్యాను. సర్వీసులో సగం ఆళ్లగడ్డ, అహోబిలం రూట్లోనే గడిచింది. దిగువ అహోబిలంలో నైట్ హాల్ట్ పడితే బస్సులోనే పడుకుని, తెల్లవారుజామున గుడి మైకు మోగితే లేచేవాణ్ని. కాబట్టి నరసింహస్వామి సినిమా అంటే నేను ఊరికే చూసి రాలేను. ఏదో ఒకటి వెతుకుతాను.

ఇది బొమ్మల సినిమా. అశ్విన్ కుమార్ అనే ఆయనకు దర్శకుడిగా మొదటిది, హోంబలే వాళ్లు సమర్పించారు. 2025 జూలై 25న, సరిగ్గా శ్రావణం మొదలైన శుక్రవారం విడుదలైంది. ముందురోజే ఒక పెద్ద హీరో సినిమా దిగడంతో దీన్ని మొదట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. వారం తిరిగేసరికి ఆదివారం మ్యాట్నీకి నాకు నాలుగు టికెట్లు ఒక్కచోట దొరకలేదు. నేను, మా అత్త, మనవరాలు ఒక వరసలో కూర్చుంటే, మనవడు నా ఒళ్లో సగం, పక్కాయన సీట్లో సగం కూర్చున్నాడు.

త్రీడీ అద్దాల గురించి ఒక మాట. డబ్బు తీసుకుని ఇచ్చేవి కదా, కనీసం తుడిచి ఇవ్వాలి. నాకిచ్చిన జత మీద ముందు ఆటవాళ్ల వేలిముద్రలు, మిరపకాయ బజ్జీ నూనెతో సహా, స్పష్టంగా ఉన్నాయి. పంచె కొసతో తుడిస్తే ఇంకా అలుముకుంది. పిల్లలకు చిన్న సైజు లేదు. మా వాడి ముక్కు మీద నిలవక, సినిమా అంతా ఒక చేత్తో పట్టుకునే చూశాడు. దానికితోడు తెర కాస్త మసకగా ఉంది. మీ ఊళ్లో టూడీ ఆట ఉంటే దానికే పోండి.

సినిమా మొదటి అరగంట నాకు కష్టమైంది. మనుషుల మొహాలు బిగుసుకుపోయి, నడక పిల్లల వీడియో గేములో నడకలాగా ఉంది. పెదాలు ఒకటంటే మాట ఇంకొకటి వినపడుతుంది. దితి, కశ్యపుడి కథ దగ్గర మా వెనక వరస మొత్తం పాప్‌కార్న్‌కు లేచిపోయింది. వరాహస్వామి సముద్రం అడుగుకు దిగినప్పుడు మాత్రం వెళ్లినవాళ్లు పరుగెత్తుకుంటూ వచ్చారు. ఆ నీళ్లు, ఆ చీకట్లో భూమిని ఎత్తడం, హిరణ్యాక్షుడితో పోరు, అక్కడ డబ్బు కనిపించింది, పని కూడా కనిపించింది. సామ్ సి.ఎస్. సంగీతానికి నా సీటు కింద రేకు గడగడలాడింది.

తరువాత వరం. హిరణ్యకశిపుడు అడుగుతున్నాడు: మనిషి చేతిలో చావకూడదు, జంతువు చేతిలో చావకూడదు, పగలు కాకూడదు, రాత్రి కాకూడదు, లోపల కాదు, బయట కాదు, నేల మీద కాదు, ఆకాశంలో కాదు, ఆయుధంతో కాదు. మా వాడు అద్దాలు నాకిచ్చి వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాడు. లెక్క అంతటితో మరిచిపోయాడనుకున్నాను. గంట తర్వాత స్వామి హిరణ్యకశిపుణ్ని ఈడ్చుకుపోతుంటే సీటు మీద నిలబడి, "గడప! తాతా, గడప!" అని అరిచాడు. హాలంతా నవ్వింది. మనవరాలు, ఐదో తరగతి, వాడి చొక్కా పట్టి కూర్చోబెడుతూ, "సాయంత్రం కూడారా, గోర్లు కూడా" అని మిగిలినవి పూర్తి చేసింది. ఆ కథ తెలియని వాళ్లు హాల్లో ఒక్కరూ లేరు. అయినా చిక్కుముడి ఎలా విడుతుందో తెలియనట్టే అందరూ ముందుకు వంగి చూశారు.

స్తంభం దగ్గరకొచ్చేసరికి ఇంకో సంగతి జరిగింది. తండ్రి "వాడెక్కడున్నాడు?" అని గద్దించాడో లేదో, రెండు వరసల ముందున్న పెద్దాయన పోతన పద్యం ఎత్తుకున్నాడు. (కడప మనిషై ఉంటాడు. పోతన మా ఒంటిమిట్ట వాడేనని వాళ్లకు పట్టింపు ఎక్కువ.) ఇంకో నలుగురైదుగురు గొంతు కలిపారు, నేనూ కలిపాను. తెర మీద ప్రహ్లాదుడు ఏం జవాబిచ్చాడో మాకు వినపడలేదు.

స్తంభం పగిలింది. ముందు ఈలలు, తర్వాత గోవిందలు. "ఈలలేందిరా, సామి వస్తాంటే?" అని వెనక నుంచి ఒకాయన కసిరాడు. "హీరో వస్తే ఏస్తాం గదన్నా, సామికి ఏస్తే తప్పా?" అని కుర్రోడి జవాబు. నాకు కుర్రోడి లెక్కే సరిగ్గా అనిపించింది. ఇటు చూస్తే మా అత్త అద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ జోడించి ఉంది. త్రీడీ బొమ్మ అద్దాలు లేకుండా చూస్తే అంచులన్నీ రెండేసి కనపడతాయి. పెట్టుకోమంటే వినలేదు. "సామిని అద్దాలు పెట్టుకోని చూస్తారా యాడైనా?" అంది. ఎనభై దాటిన మనిషి, చివరి యుద్ధమంతా ఆ అలికినట్టున్న బొమ్మనే చూసింది.

ఆ యుద్ధం నాకు ఎక్కువైంది. గర్జనే ఒళ్లు జలదరించేలా ఉన్నప్పుడు అంతసేపు విసరడాలు, నరకడాలు ఎందుకు? పొట్ట చీల్చేటప్పుడు పక్క వరసలో మూడేళ్ల పాప గుక్కపట్టింది. వాళ్లమ్మ ఎత్తుకుని తలుపు దగ్గర తెర పట్టుకుని నిలబడింది, బయటికి పోబుద్ధి కాక, లోపలికి రాలేక. ఐదేళ్ల లోపు పిల్లలను తీసుకుపోకండి.

నేను వెతికింది మాత్రం దొరకలేదు. అహోబిలంలో స్వామికి కోపం తక్కువేం కాదు. ఎగువన భవనాశిని వెంబడి రాళ్లెక్కి పోతే జ్వాలా నరసింహుడి దగ్గర రక్తకుండం చూపిస్తారు, చేతులు కడుక్కున్నది ఇక్కడేనని. ఉగ్రస్తంభం చూపించి ఇందులోంచే వచ్చాడంటారు. కానీ మావైపు కథ అక్కడితో ఆగదు. ఆ కోపంతో అడవి పట్టి తిరుగుతుంటే చెంచులక్ష్మి ఎదురవుతుంది. చెంచులకు ఆయన ఇంటి అల్లుడు. సంక్రాంతి పండగ కాగానే పారువేటకు బయల్దేరి, నలభై రోజుల పైచిలుకు ఊరూరా తిరిగి, తన పెళ్లికి తనే పిలుస్తాడు. మా అత్తగారి ఊళ్లో తెలుపు (స్వామి పల్లకి దించే అరుగు) మీద పల్లకి దించినప్పుడు ఈమె బోయీల భుజాలు చూసి, "ఎంత ఎండలో తెచ్చినారు నాయనా" అని చెంబుతో మజ్జిగ పోసేది. కొత్తల్లుడు ఇంటికొచ్చినంత హడావుడి. సినిమా తీసినవాళ్లు పురాణం ప్రకారం ప్రహ్లాదుడి దగ్గరే ముగించారు, అది వాళ్ల తప్పు కాదు. అయినా నాకు సగం భోజనంలో లేచినట్టుంది.

మళ్లీ చూస్తానా అంటే, చూస్తాను, టూడీలో, వరాహస్వామి దగ్గర నుంచి.

బయటికొస్తే గోడ వార జతలు సగానికి తగ్గాయి. మా అత్త హవాయి చెప్పులు పెట్టినచోటే ఉన్నాయి. నావి లేవు. గుళ్లో చెప్పులు పోతే శని పోయినట్టే గదా, ఆమె అదే అంది: "పోనీలే నాయనా, పీడా పోయిందనుకో." ఇది గుడి కాదు గదత్తా అన్నాను. సమాధానం లేదు. ఆటో ఎక్కాక మనవరాలు ఫోన్లో చూసి, ఇలాంటివి 2037 దాకా మొత్తం ఏడు తీస్తారట, వచ్చేది పరశురాముడట, 2027లోనట అని చదివింది.

"మరి చెంచులక్ష్మి ఎప్పుడంట?" అని అడిగింది మా అత్త.

పిల్ల మళ్లీ వెతికి, లిస్టులో లేదంది.

"ఆయమ్మ రాకుంటే ఎట్లే, ఆయన ఇంటికి పోయేదెప్పుడు?" అని, నా ఒట్టి కాళ్ల వైపు చూసి, తన చెప్పులు విప్పి సీటు కింద నా వైపుకు తోసింది. ఆడవాళ్ల చెప్పులు, ఆరో నంబరు. ఇల్లు చేరేదాకా వాటి మీదే మడమలు ఆనించి కూర్చున్నాను.