పురుషుల మద్దతు బృందం, తావో తే చింగ్ పఠనం: కొన్నేళ్ల అనుభవంతో సమీక్ష

అమెరికాలో మా ఊరి గ్రంథాలయంలో వారానికొక సాయంత్రం కూడే పురుషుల మద్దతు బృందానికి కొన్నేళ్లుగా వెళ్తున్నాను. 1980లలో విస్కాన్సిన్‌లో మొదలైన మ్యాన్‌కైండ్ ప్రాజెక్ట్ వంటి సంస్థల బృందాలలో కనిపించే పద్ధతే ఇక్కడా ఉంది: అందరూ గుండ్రంగా కూర్చుంటారు, కర్ర ఎవరి చేతిలో ఉంటే వారే మాట్లాడాలి, అడగనిదే సలహా ఇవ్వకూడదు, అక్కడ విన్నది బయట చెప్పకూడదు. ప్రాచీన చైనా తాత్వికుడు లావోజు పేరిట ప్రసిద్ధమైన తావో తే చింగ్ అనే గ్రంథంలోని 81 చిన్న అధ్యాయాలలో ఒకదాన్ని చదివి సమావేశం మొదలుపెట్టడం మా బృందం ప్రత్యేకత.

వీటిలో సలహా ఇవ్వకూడదన్న నియమమే నాకు అన్నిటికన్నా మేలు చేసింది. ఉద్యోగం పోయిన సంగతి బంధువులెవరికీ చెప్పుకోలేని రోజుల్లో, కర్ర నా చేతికి వచ్చినప్పుడు దాని కణుపును బొటనవేలితో రుద్దుతూ చాలాసేపు మౌనంగా ఉండిపోయాను. ఎవరూ తొందరపెట్టలేదు, చూపు తిప్పుకోలేదు. జీతం లేకుండా పిల్లల ముందు ఎలా నిలబడాలో తెలియడం లేదని చివరికి చెప్పగలిగాను. “మగవాడివై ఉండి ఏడుస్తావేమిటి” అన్న మాట వింటూ పెరిగిన నాకు, ఓదార్పూ ఉపదేశమూ లేకుండా నా మాటను పూర్తిగా విన్న మనుషులు ఎదురవడం అదే మొదలు.

మన్నన, అవమానం రెండూ మనిషిని కలవరపెట్టేవేనని చెప్పే పదమూడో అధ్యాయం ఆ తర్వాత చదువుకున్నాము. పదోన్నతి వచ్చినప్పటి పొంగూ, ఉద్యోగం పోయినప్పటి కుంగుబాటూ నలుగురూ ఏమనుకుంటారోనన్న ఒకే బెంగ నుంచి పుట్టాయని నాకు అప్పుడే స్పష్టమైంది.

అయితే ఈ గ్రంథాన్ని చాటు చేసుకునే ప్రమాదమూ ఉంది. నీటిలా సాగిపోవాలంటూ, ఇంట్లో చెప్పవలసిన క్షమాపణను వాయిదా వేయడం సులభం. కానీ ఎనిమిదో అధ్యాయంలోని నీరు అందరికీ మేలు చేస్తూ, మనుషులు ఇష్టపడని పల్లపు చోట్లకు చేరుతుంది. తీవ్రమైన కుంగుబాటుకు ఈ బృందం చికిత్స కాదు. ఆత్మహత్య ఆలోచనలు, మానసిక సంక్షోభం ఎదురైనవారి కోసం 2022 నుంచి అమెరికా అంతటా పనిచేస్తున్న 988 సహాయ ఫోను నంబరును మా నిర్వాహకుడు ప్రతిసారీ గుర్తుచేయడం నాకు నచ్చింది. భాష మరో పరిమితి. అత్తవారింటి మాటపట్టింపులు, అప్పుల గొడవలు ఇంగ్లీషులో చెప్పబోతే సగమే బయటికి వస్తాయి. అందుకే ఇద్దరు తెలుగు మిత్రులతో ఫోనులో ఇవే నియమాలతో విడిగా మాట్లాడుకుంటున్నాను.

చేరదలచినవారు రెండు మూడు సమావేశాలు చూసి నిర్ణయించుకోవడం మంచిది. నియమాలను ముందే చెప్పని చోట, నిర్వాహకుడే ఎక్కువసేపు మాట్లాడే చోట చేరవద్దు.